కెంటెనా, అడింక్రానా, చీరాల గళ్ళా? పశ్చిమ ఆఫ్రికా వేడుకకు ఏ బట్ట ఎంచుకోవాలి

అక్రాలోనో లేగోస్‌లోనో ఉద్యోగం చేస్తున్న తెలుగువాళ్ళకు ఏదో ఒక రోజు ఆహ్వానం అందుతుంది. తోటి ఉద్యోగి పెళ్ళి కావచ్చు, ఇంటి యజమాని తల్లి అంత్యక్రియలు కావచ్చు, పక్కింటి పసిబిడ్డకు పేరు పెట్టే వేడుక కావచ్చు. హ్యూస్టన్, అట్లాంటా, లండన్‌లలో ఉన్నవాళ్ళకూ ఘనా, నైజీరియా స్నేహితులు ఉంటూనే ఉంటారు. "మీ పద్ధతిలో రండి" అంటే ఇబ్బంది లేదు, బీరువాలో పట్టుచీర ఉంది, జరీ పంచె ఉంది. "మా బట్టల్లో వస్తే ఇంకా సంతోషం" అన్నప్పుడే చిక్కు. అంగడికి వెళ్ళి, నలుపు మీద ఎరుపు అద్దకం బాగుందని అదే కొంటాం. ఘనాలో అది చావు ఇంటికి కట్టుకునే రంగు అని అమ్మేవాళ్ళు చెప్పరు. మనం అడగలేదు కదా.

అందుకే నా సలహా ముందే చెబుతాను. అందం చూసి కొనకండి. ఆ ఇంటివాళ్ళు ఎవరు, సందర్భం ఏమిటి, అందులో మీరు ఏమవుతారు అన్న మూడు సంగతులు తేల్చుకున్నాకే అంగడి మెట్లెక్కండి. ధర, నాణ్యత ఆ తర్వాతి మాట. "ఆఫ్రికా బట్ట" అని ఒకటి ఎక్కడా లేదు. ఘనాలో కుమాసి ప్రాంతపు అసాంటెల కెంటె ఒక దారి, వోల్టా ప్రాంతపు ఎవెల కెంటె ఒక దారి. నైజీరియాలో యొరుబాల అసొ ఒకె, నైజర్ డెల్టాలోని కలబారిల గళ్ళ బట్ట, మాలిలో బమనల మట్టి అద్దకం ఒకదానితో ఒకటి కలవవు. గద్వాల అంచుకూ పోచంపల్లి చిటికీకీ తేడా తెలిసినవాళ్ళకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

కెంటె: అందరికీ తెలిసింది, అందరూ పొరబడేది

కుమాసికి దగ్గరలోని బొన్‌విరె కెంటెకు పేరుపడ్డ ఊరు. అనాన్సె అనే సాలీడు గూడు అల్లుతుంటే చూసి ఇద్దరు అన్నదమ్ములు నేత నేర్చుకున్నారని అక్కడ కథ చెబుతారు. కథ సరే, మగ్గం చూడాలి. మన గుంటమగ్గంతో పోలిస్తే బొమ్మలా చిన్నది. నేసేది సుమారు నాలుగంగుళాల వెడల్పున్న పట్టీ మాత్రమే. పడుగు నేతగాడి ముందు నేల మీద బారుగా సాగి ఉంటుంది, దాని కొసన రాయి బరువు పెట్టి ఉంటుంది. నేసిన బట్టను ఒడిలోకి చుట్టుకుంటున్నకొద్దీ ఆ రాయి మట్టిలో ఈడ్చుకుంటూ దగ్గరికి జరుగుతుంది. పడుగును విడదీసే తాళ్ళ చివర చిన్న బిళ్ళలుంటాయి. వాటిని కాలి బొటనవేలికీ పక్కవేలికీ మధ్య ఇరికించుకుని ఒకసారి కుడి కాలు, ఒకసారి ఎడమ కాలు లాగుతాడు. ఇలా నేసిన పట్టీలను పక్కపక్కన కుడితేనే బట్ట అవుతుంది. మగవాళ్ళ నిండు బట్టకు సుమారు 24 పట్టీలు కావాలి. పైగా ఒక పట్టీలోని నమూనా పక్క పట్టీలోని నమూనాతో లెక్క ప్రకారం కలవాలి, తప్పితే చదరంగపు గళ్ళలాంటి ఆ పొందిక చెడిపోతుంది. అసలు కెంటె ధర విని నోరు తెరిచేవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

అసాంటె కెంటెలో కోణాలు, మెట్లు, దిమ్మెలు ఉంటాయి. పసుపు, ఆకుపచ్చ, ఎరుపు ధగధగలాడతాయి. ఒకప్పుడు దిగుమతైన పట్టుబట్టలను దారం దారం విప్పి ఆ పట్టుతో నేసేవారు, ఇప్పుడు ఎక్కువగా రేయాన్ వాడుతున్నారు. ఎవె కెంటెలో నూలు ఎక్కువ, రంగులు కాస్త నెమ్మది. దగ్గరికి వెళ్ళి చూస్తే నేతలోనే చేయి, దువ్వెన, పీట, జంతువుల బొమ్మలు కనిపిస్తాయి. అగొటిమె క్పెటొయె ఊళ్ళో ఏటా అగ్బమెవొ పేరుతో ఈ బట్టకే ఒక పండుగ చేస్తారు. కెంటె మాది అంటే మాది అని ఈ రెండు వర్గాలకూ పాత వాదన ఉంది. ఎవెల ఇంటికి వెళ్ళి "ఇది అసాంటెల బట్ట కదా" అనకండి, భోజనం దాకా ఆ చర్చే నడుస్తుంది. వేదిక మీద దూరం నుంచి కనిపించాలంటే అసాంటె కెంటె. ఇంట్లో గోడకు వేలాడదీసుకుని తీరిగ్గా చూసుకోవాలంటే నా ఓటు ఎవె కెంటెకు.

2024లో యునెస్కో కెంటె నేతను సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అప్పటినుంచి అంగళ్ళలో "యునెస్కో కెంటె" అని అచ్చు బట్టలూ అమ్మితే ఆశ్చర్యపోనవసరం లేదు. గుర్తింపు వచ్చింది చేతినేతకు, దాని బొమ్మకు కాదు.

ప్రతి నమూనాకూ పేరుంటుంది. కొనేముందు ఆ పేరు అడగండి. 1957 చివర్లో ఘనా నాయకుడు క్వామె ఎన్‌క్రూమా ఈజిప్టు యువతి ఫాతియాను పెళ్ళాడాడు. "ఎన్‌క్రూమాకు ఫాతియాయే తగును" అన్న అర్థం వచ్చే పేరుతో ఒక నమూనా ప్రసిద్ధికెక్కింది. 1966 ఫిబ్రవరిలో సైన్యం ఆయన్ను గద్దె దించాక అదే బట్ట "దేశాన్ని ఒక్కడే ఏలలేడు" అన్న అర్థంతో కొత్త పేరు తెచ్చుకుంది. పోగు మారలేదు, రంగు మారలేదు. ఒకే చీరను పెళ్ళిలో ఒక పేరుతో, ఎన్నికల్లో ఇంకో పేరుతో అమ్మినట్లుంది కదూ. అదే నమూనా కట్టుకుని వెళితే అక్కడి పెద్దాయన ఏ పేరుతో పిలుస్తాడన్నదాన్ని బట్టి ఆయన రాజకీయం తెలిసిపోతుంది.

ఇక "నా నేర్పంతా ఇందులో అయిపోయింది" అనే అర్థం వచ్చే అద్వెనెఅసా అనే నమూనా ఉంది. పడుగు కనిపించనంతగా అంగుళం అంగుళం నేత నిండి ఉంటుంది. కొనగలిగినా అతిథిగా దాన్ని కట్టుకోకండి. కుమాసిలోని మన్హియా రాజభవనంలో 42 రోజులకొకసారి అక్వాసిదే ఉత్సవం జరుగుతుంది. అలాంటిచోట పెద్దల కన్నా ఘనమైన బట్టలో కనిపించడం మర్యాద కాదు. కట్టులోనూ మర్యాద ఉంది. మగవాళ్ళు ఎడమ భుజం కప్పి, కుడి భుజం వదిలి కడతారు. రాజుగారి ముందుకో కులపెద్ద ముందుకో వెళ్ళేటప్పుడు భుజం మీది బట్టను కిందికి దించి, చెప్పులు విడిచి వెళ్ళాలి. గుడిలో ఉత్తరీయం నడుముకు చుట్టుకునే అలవాటున్న మనకు ఇది వింతగా తోచదు. ఎడమ చేత్తో ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు అన్నది అక్కడా ఉంది కాబట్టి ఆ పాఠం మళ్ళీ నేర్చుకునే పని లేదు.

నిండు కెంటె మోయడం ఉత్తమాట కాదు. బరువు ఎక్కువ, భుజం మీంచి జారుతుంటుంది, ఎడమ చేయి దాన్ని పట్టుకోవడానికే సరిపోతుంది. అన్నం తినడం, ఫొటోలు తీయడం అన్నీ కుడి చేతి మీదే. పెళ్ళికి అతిథిగా వెళ్ళే తెలుగు మగవారికి నేను చెప్పేది: మామూలు తెల్ల చొక్కా మీద ఒక నేత కెంటె పట్టీ వేసుకోండి, చాలు. ఆడవాళ్ళయితే కాబా అనే రవిక, దానికి జతగా స్లిట్ అనే పొడవాటి పావడా కుట్టించుకోవచ్చు, అది మైనపు అద్దకం గుడ్డతో. నిండు కెంటె పెళ్ళికూతురిది, పెళ్ళికొడుకుది. ఆ ఇంటి అల్లుడో కోడలో అవుతున్నవాళ్ళ సంగతి వేరు. అప్పుడు వాళ్ళే నేయించి పెడతారు, మీరు ఎంచుకునే ప్రసక్తే రాదు.

అమెరికాలో చదివే పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. పట్టభద్రుల ఉత్సవంలో నల్లజాతి విద్యార్థులు మెడలో వేసుకునే కెంటె కండువా వాళ్ళ చరిత్రకు గుర్తు. రంగులు బాగున్నాయని మన పిల్లలకు కొనకండి. 2020 జూన్‌లో అమెరికా పార్లమెంటులో డెమొక్రాట్ నాయకులు కెంటె కండువాలతో మోకరిల్లినప్పుడే ఎన్ని విమర్శలు వచ్చాయో చూశాం. స్నేహితుడు తనంతట తాను తెచ్చి మెడలో వేస్తే మాత్రం సంతోషంగా ఉంచుకోవాలి.

అడింక్రా: అద్దకంలోని మాటలు

కెంటె నేత, అడింక్రా అద్దకం. ఈ పనికి పేరున్న ఊరు కుమాసి దగ్గరి ఎన్‌టొన్సొ. బాదియె అనే చెట్టు బెరడును నానబెట్టి, రోట్లో దంచి, కాచి కాచి తారులా చిక్కబరుస్తారు. సొరబుర్ర పెంకును చెక్కి, వెనక పుల్లలు గుచ్చి పిడిలా కట్టి అచ్చు తయారు చేస్తారు. పరిచిన బట్ట మీద దువ్వెనలాంటి పనిముట్టుతో గీతలు గీసి గళ్ళుగా విడదీస్తారు. ఒక్కో గడిలో ఒక్కో చిహ్నాన్ని వరసగా అద్దుకుంటూ పోతారు. పెడన అద్దకపు బల్లల దగ్గర నిలబడి చూసినవాళ్ళకు ఆ చేతి ఊపు వెంటనే పరిచయమనిపిస్తుంది, అచ్చు చెక్కకు బదులు సొరబుర్ర అన్నదే తేడా.

ఈ బట్ట పుట్టుక గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. గ్యామన్ రాజు అడింక్రా అసాంటెల రాజుతో యుద్ధానికి దిగి ఓడిపోయాడనీ, ఆయన బట్ట మీది చిహ్నాలను గెలిచినవాళ్ళు తీసుకున్నారనీ అంటారు. ఆ యుద్ధం 1818 ప్రాంతంలో జరిగిందని చెబుతారు. అయితే బౌడిచ్ అనే ఇంగ్లీషువాడు 1817లోనే కుమాసిలో ఒక అడింక్రా బట్ట సంపాదించాడు, అది ఇప్పటికీ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అంటే యుద్ధానికి ముందే అద్దకం ఉంది. గైడు ఈ కథ చెప్పినప్పుడు వాదించకండి, విని ఆనందించండి.

అడింక్రా మొదట సంతాపపు బట్ట. ముదురు గోధుమరంగు కుంటుంకుని, ఎర్రని కొబెనె, నల్లని బిరిసి అనేవి అంత్యక్రియలకు కట్టే బట్టలు, వాటి నేల రంగును బట్టి పేర్లు. ఎరుపు సాధారణంగా దగ్గరి బంధువులది. తెల్ల నేల మీది అడింక్రాయేమో పండుగకు, ఆదివారం ప్రార్థనకు, సంతోషానికి. ఇక్కడ తెలుగువాళ్ళు ప్రత్యేకంగా జాగ్రత్త పడాలి. చావు ఇంటికి తెల్లబట్టలో వెళ్ళడం మనలో చాలామందికి అలవాటు. ఘనాలో తెలుపు నిండు జీవితం గడిపి వెళ్ళిన ముసలివారిని సాగనంపేటప్పుడు, లేదా మర్నాటి కృతజ్ఞతా ప్రార్థనకు కడతారు. నడివయసులో పోయిన మనిషి అంత్యక్రియలకు తెల్లగా వెళితే ఆ ఇంటివాళ్ళ గుండె కలుక్కుమంటుంది. నలుపు, లేదా నలుపు ఎరుపు కలిసిన బట్ట సరైనది. రంగు ఏదో ముందుగానే ప్రకటిస్తారు, ఫోను చేసి అడిగినా ఎవరూ తప్పుపట్టరు.

పైకి ఒకేలా కనిపించే చిహ్నాల మధ్య ఎంపిక అసలు పరీక్ష. దేవుడు తప్ప ఇంకెవరికీ భయపడను అనే భావంతో చెప్పుకునే జే న్యామె ఘనాలో టాక్సీ అద్దం నుంచి ప్లాస్టిక్ కుర్చీ వీపు దాకా కనబడుతుంది. ఎవరికి ఇచ్చినా తప్పు కాదు, అందుకే బహుమతిగా చప్పగానూ ఉంటుంది. వెనక్కి తిరిగి వీపు మీది గుడ్డును అందుకునే పక్షి సంకొఫా. మరిచిపోయినదాన్ని వెనక్కి వెళ్ళి తెచ్చుకోవడంలో తప్పులేదని దాని భావం. వలస వచ్చినవాళ్ళకు, పదవీ విరమణ చేస్తున్న ఉపాధ్యాయులకు ఇది బాగుంటుంది. పొట్టేలు కొమ్ములు నాలుగు కలిసిన ద్వెన్నిమ్మెన్ బలంతో పాటు అణకువను చెబుతుంది. పై అధికారికి ఇవ్వడానికి ఇంతకన్నా తెలివైన చిహ్నం లేదు, పొగడ్తా ఉంది, చిన్న హితవూ ఉంది. కంచె బొమ్మ ఎబాన్ ఇంటి భద్రతకు గుర్తు, గృహప్రవేశానికి తగినది. దువ్వెన గుర్తయిన దువాఫె ఆడవారి శుచికీ, మంచితనానికీ సంబంధించినది. ఒకే పొట్టను పంచుకునే రెండు తలల మొసళ్ళు ఉమ్మడి కుటుంబపు గుర్తు. పొట్ట ఒకటే అయినా నోటి దగ్గర కొట్లాడుకుంటాయి అని దాని వ్యాఖ్యానం. ఆస్తి పంపకాలు నడుస్తున్న ఇంటికి పట్టుకెళ్ళకండి.

నిచ్చెనలా ఉండే చిహ్నం ఒకటి ఉంది, ఒవువొ అట్వెదెయె. చూడ్డానికి ఎదుగుదలకు గుర్తులా, పదోన్నతికి బహుమతిలా కనిపిస్తుంది. అది మృత్యువు నిచ్చెన, అందరూ ఎక్కక తప్పనిది. పెళ్ళి కానుక మీద అది ఉందంటే ఇచ్చినవాళ్ళు అర్థం చదవలేదని తెలిసిపోతుంది. సంకెళ్ళ గుర్తు ఎపాను కూడా అందమైన గొలుసు అనుకుని కొనకూడదు.

ఈ చిహ్నాలను దుకాణం లోగోగానో, కుర్తాల మీద అచ్చు వేయడానికో వాడాలనుకునే వ్యాపారులకు ఒక హెచ్చరిక. ఘనా కాపీరైటు చట్టం జానపద కళారూపాలకు రక్షణ కల్పిస్తుంది, 2005 నాటి చట్టంలోనూ ఆ రక్షణ ఉంది. వ్యాపారానికి ముందు అనుమతుల గురించి వాకబు చేయండి. ఇంట్లో దిండు గలీబుకు కొనుక్కోవడం వేరు.

యొరుబా పెళ్ళి: ఎంపిక మీ చేతుల్లో లేదు

నైజీరియాలో యొరుబాల పెళ్ళికి పిలుపొస్తే పని తేలిక, ఖర్చు ఎక్కువ. వాళ్ళకు అసొ ఎబి అనే పద్ధతి ఉంది. ఆ ఇంటివాళ్ళు ఒక గుడ్డ, ఒక రంగు నిర్ణయించి అమ్ముతారు. బంధుమిత్రులు దాన్ని కొని, తమకు నచ్చినట్లు కుట్టించుకుని వస్తారు. ఇక్కడ మొహమాటం అక్కర్లేదు. అసొ ఎబి కొనమని మిమ్మల్ని అడిగారంటే ఇంటి మనుషుల్లో కలిపారని. కుదరకపోతే చెప్పి, ఆ రోజు ప్రకటించిన రంగులో ఇంకేదైనా వేసుకోవచ్చు. ఆడవాళ్ళు కనీసం ఆ రంగు గెలె, అంటే తలకట్టు, కట్టుకుంటే లెక్క సరిపోతుంది. గెలె కట్టడం ఒక విద్య. మొదటిసారి వెళ్ళేవాళ్ళు ముందే కట్టి కుట్టిన గెలె కొనుక్కోవడం మంచిది.

అసొ ఒకె కూడా కెంటెలాగే సన్నని పట్టీలుగా నేసి కుట్టేదే. ఒయొ రాష్ట్రంలోని ఇసెయిన్ దాని కేంద్రం. పాత రకాలు మూడు. అడవి పట్టుతో నేసే లేత గోధుమరంగు సన్యాన్, ఎర్రని అలారి, గినీకోడి ఈకల్లాంటి ముదురు నీలి ఎటు. ఈ మూడింటిలో ఒకటి ఎంచుకోవాల్సివస్తే నేను ఎటు తీసుకుంటాను. మెరుపు లేదు, దర్పం ఉంది. ఇప్పటి పెళ్ళిళ్ళలో కనిపించే మెరుపుదారపు అసొ ఒకె తేలికగా ఉండి ఫొటోల్లో బాగుంటుంది, ఏడాది తిరిగేసరికి పాతబడిపోతుంది. మగవాళ్ళకు అగ్బాడా అనే మూడు భాగాల వదులు దుస్తులు, తలకు ఫిలా టోపీ. అగ్బాడా చేతులు మాటిమాటికీ భుజం మీదికి మడుచుకోవాలి, అదే దాని సొగసు. చేతికి గడియారం కనబడాలని తాపత్రయపడేవాళ్ళకు అది నప్పదు.

నోట్లు చల్లే అలవాటు గురించి వినే ఉంటారు. వధూవరుల మీద నైరా నోట్లు చల్లడం నైజీరియా కేంద్ర బ్యాంకు 2007 చట్టం ప్రకారం నేరం, జైలు శిక్షలు కూడా పడ్డాయి. కవరులో పెట్టి ఇవ్వండి.

నీలిమందు అద్దకమైన అదిరె కూడా యొరుబాలదే, అబెఒకుటా పట్టణం దానికి పేరుగాంచింది. కర్రపెండలం గంజితో గీసిన చోట రంగు పట్టకుండా తెల్లగా మిగులుతుంది. పెళ్ళికి కన్నా ఆఫీసుకు, కళా ప్రదర్శనకు, మామూలు విందుకు నప్పుతుంది. అర్థం గురించి తటపటాయింపు లేకుండా రోజూ వేసుకోగల బట్ట కావాలంటే నా మొదటి సూచన ఇదే.

నైజీరియాలోని మరో జాతి ఇగ్బోల ఇంటి పెళ్ళికయితే సింహపు తలల ఇసియాగు చొక్కా మగ అతిథులూ వేసుకుంటారు. దాని మీదికి ఎర్ర టోపీ మాత్రం వద్దు, అది బిరుదులు పొందిన పెద్దలది. పగడాల విషయంలోనూ ఇంతే. ఒక పేట వేసుకోవచ్చు, కిరీటంలా తలకు పెట్టుకోకూడదు.

చీరాల నుంచి వెళ్ళిన బట్ట

నైజీరియాలోని పోర్ట్ హార్కోర్ట్ దగ్గర, బుగుమా, అబొనెమా వంటి ఊళ్ళలో కలబారిలు ఉంటారు. వాళ్ళ వేడుకల్లో అతి ముఖ్యమైన బట్ట పేరు ఇంజిరి. దాన్ని అక్కడ నేయరు. అది మన చేనేత గళ్ళ బట్ట. చీరాల చుట్టుపక్కల మగ్గాల మీద నేసి, మద్రాసు వర్తకుల చేతుల మీదుగా "రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్" అన్న పేరుతో పశ్చిమ ఆఫ్రికాకు ఓడలెక్కిన సరుకు. ఎరుపు, నీలం, తెలుపు గళ్ళు, గజం చదరపు రుమాళ్ళు వరసగా కలిసి ఉన్న తాను. కలబారి ఇంట్లో పెద్దలు పోయినప్పుడు భౌతికకాయాన్ని ఉంచే గదినీ మంచాన్నీ ఈ గళ్ళ బట్టలతో అలంకరిస్తారు. తరతరాల బట్టలు పెట్టెల్లోంచి బయటికి తీసేది అప్పుడే.

దిగుమతి చేసుకుని ఊరుకోలేదు వాళ్ళు. ఆడవాళ్ళు ఆ నేతలోంచి కొన్ని పోగులను సూదితో పైకెత్తి, బ్లేడుతో తెంపి, ఒక్కొక్కటే బయటికి లాగేస్తారు. ఎక్కువగా తీసేది తెల్ల పోగులనే. పోగు తీసిన చోట సన్నని జల్లెడ ఏర్పడుతుంది, గళ్ళు కరిగిపోయి ఇంకో నమూనా తేలుతుంది. దీన్ని పెలెటె బిటె అంటారు. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే లేసులా కనిపిస్తుంది, ముట్టుకుంటే మొదటి బట్ట కన్నా మెత్తగా ఉంటుంది. మన నేతగాడు మగ్గపు అచ్చులోంచి ఒక్కో పోగూ తీసి కూర్చిన దాన్ని అక్కడి స్త్రీ ఒక్కో పోగూ తీసి తన బట్టగా చేసుకుంది. చీరాల నేతను గురించి మనం చెప్పుకునే గొప్పల్లో ఈ సంగతి ఎందుకు వినబడదో నాకు అర్థం కాదు.

కాబట్టి దాచుకోవడానికి ఒక్క పశ్చిమ ఆఫ్రికా బట్ట కొనాలనుకునే తెలుగువారికి కెంటె కన్నా ముందు పెలెటె బిటె చూడమంటాను. దొరకడం కష్టం. నైజీరియాలో తెలిసిన కలబారి కుటుంబం ద్వారా అడగాలి, ఇంటర్నెట్ అంగళ్ళలో కనిపించేవన్నీ నమ్మలేం. వేసుకునే విషయానికొస్తే, కలబారి మగవారి దుస్తుల్లో హోదా మెట్లున్నాయి. పొడవు చేతుల ఎటిబొ చొక్కా, కింద లుంగీలా చుట్టిన గళ్ళ బట్ట యువకుల స్థాయి, అతిథికి అది చాలు. డొని అనే దుస్తు పెద్దలది, ఎబు అనేది రాజుది. గళ్ళ లుంగీ ఇంట్లో కట్టుకునేదని మనకు కాస్త చిన్నచూపు. అక్కడ దాన్ని కట్టుకునే సభలోకి వస్తారు.

ఇగ్బో ఆడవారు, డెల్టా ప్రాంతపు ఆడవారు వేడుకలకు నడుముకు రెండు వరసలుగా చుట్టుకునే "జార్జ్" బట్ట కూడా భారతదేశం నుంచి వెళ్ళేదే. ఆ పేరు మద్రాసులోని సెయింట్ జార్జ్ కోట నుంచి వచ్చిందని చెబుతారు. చెన్నైలో ఉన్న తెలుగువాళ్ళు నైజీరియా స్నేహితురాలికి కానుక కొనాలంటే ఊరు దాటక్కర్లేదు.

మాలి మట్టి, హాలండ్ మైనం

మాలి బొగొలాన్ తయారీలో మొదట ఆకుల కషాయంలో నూలుబట్టను ముంచి పసుపు రంగు పట్టిస్తారు, ఆ తర్వాత ఊరబెట్టిన ఏటి బురదతో బొమ్మలు వేస్తారు. ఆకులోని వగరు, బురదలోని ఇనుము కలిసి నలుపు తేలుతుంది. కాళహస్తి కలంకారీలో కరక్కాయ, కసిమి (బెల్లంనీళ్ళలో ఇనుము ఊరబెట్టిన ద్రవం) కలిసి నల్లబడేది ఈ రసాయనం వల్లే. అయితే బొగొలాన్ వేటగాళ్ళకు, బాలింతలకు రక్షణగా వాడిన బట్ట. దాని గుర్తుల అర్థాలన్నీ బయటివాళ్ళకు చెప్పరు. నగరాల్లో క్రిస్ సేడూ వంటి రూపకర్త వల్ల అది కోటుగా, స్కర్టుగా మారింది, అలా మారిన రూపంలో వేసుకోవడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. సోఫా మీద పరచడానికి ఇంతకన్నా మంచి బట్ట లేదు. పెళ్ళికి మాత్రం నేను సూచించను.

ఇక మైనపు అద్దకం, నైజీరియాలో అంకారా అంటారు. ఇది ఇండోనేషియా బాటిక్‌ను యంత్రాల మీద అనుకరించబోయిన యూరపువాళ్ళ సరుకు. 1846లో హాలండ్‌లోని హెల్మండ్‌లో మొదలైన వ్లిస్కో కంపెనీ ఇప్పటికీ ఇందులో పెద్ద పేరు. పరాయిదే అయినా పేర్లు పెట్టి సొంతం చేసుకున్నది పశ్చిమ ఆఫ్రికా అంగడి స్త్రీలు. ఘనాలో "మంచి పూస చప్పుడు చేయదు" అని ఒక నమూనా ఉంది. నిండు కుండ తొణకదు అని మనం అనే మాటే. "డబ్బుకు రెక్కలుంటాయి" అని ఇంకొకటి. అక్కడి ఆడవాళ్ళు తోడికోడలికో, భర్తకో నోటితో చెప్పలేని మాటను ఇలా బట్టతో చెబుతారు. మొదటిసారి పిలుపు అందుకున్న తెలుగు అతిథికి, పెళ్ళయినా నామకరణమయినా, అన్నిటికన్నా క్షేమమైన ఎంపిక ఇదే. ఆరు గజాల ముక్కగా అమ్ముతారు కాబట్టి చీరగా కట్టేద్దామనిపిస్తుంది. బిరుసు నూలు, కుచ్చిళ్ళు నిలవవు. కుట్టించుకోండి.

కొనేటప్పుడు వేలితో చూడాల్సినవి

కెంటె అని అమ్మేవాటిలో చాలాభాగం అచ్చు గుడ్డలే. తిప్పి చూడండి. వెనక వెలిసినట్లుంటే అచ్చు. నేసిన దానిలో రంగు రెండు వైపులా ఉంటుంది, నాలుగంగుళాలకొక కుట్టు వేలికి తగులుతుంది, చేతిలోకి తీసుకుంటే బరువు తెలుస్తుంది. కుట్టే లేకుండా వెడల్పుగా నేసినది మరమగ్గం సరుకు. అచ్చు కెంటె కొనడం తప్పని నేననను, స్కూలు వేడుకలో పిల్లల వేషానికి అది చాలు. నేత ధరకు అచ్చు కొనకూడదు, అంతే. డబ్బు తక్కువైతే అచ్చు కెంటె నిండు బట్ట కన్నా నేసిన ఒక్క పట్టీ మేలు.

మైనపు అద్దకంలో రెండు వైపులా రంగు సమానంగా ఉండాలి, అంచున తయారీదారు పేరు అచ్చయి ఉంటుంది. ఆ పేరును కూడా నకలు చేస్తారు కాబట్టి గుడ్డను నలిపి చూడటం మంచిది. చేత్తో అద్దిన అడింక్రాలో ఒక చిహ్నం ముదురుగా, పక్కది లేతగా పడుతుంది, అచ్చు తిరిగి రంగులో ముంచిన చోటు తెలుస్తుంది. అన్నీ ఒకేలా ఉంటే అది స్క్రీన్ ప్రింటు వేసినది. బెరడు రంగుతో అద్దిన పాత పద్ధతి అడింక్రా ఉతకడానికి తయారైన బట్ట కాదు, నీళ్ళలో రంగు వదులుతుంది. వేడుకయ్యాక నీడలో గాలికి ఆరేసి, మడతల మధ్య పాత నూలుగుడ్డ పెట్టి దాచండి. కెంటె పట్టీల కుట్లు లాగుతాయి కాబట్టి హ్యాంగరుకు వేలాడదీయకుండా చుట్టచుట్టి ఉంచాలి. దర్జీ పని ఉన్నవాటికి పెళ్ళి తేదీకి బాగా ముందే కొలతలివ్వండి. అక్రాలోనూ లేగోస్‌లోనూ దర్జీలు "రేపు రండి" అనడంలో మనవాళ్ళకేమీ తీసిపోరు.